రెండు గంటల మూడు నిమిషాలు

ఆ ఆదివారం ఉదయం ఇందు వేసుకున్న పథకం చాలా చిన్నది. కుక్కరులో ఇడ్లీలు ఉడికేలోగా ఫోనులో ఒక ఫిర్యాదు పత్రం నింపాలి. అవి పళ్ళెంలోకి దిగేలోగా దాన్ని పంపించాలి. ఆ తరువాత స్థిమితంగా కూర్చుని బడిపిల్లల పరీక్ష కాగితాలు దిద్దుకోవాలి. భర్త ప్రశాంత్ రైల్వే వర్క్‌షాపులో డ్యూటీకి వెళ్ళాడు. ఖరగ్‌పూర్ పూరీ గేట్ వీధిలో ఎండ ఇంకా లేతగానే ఉంది. పది నిమిషాల పని, పదకొండో నిమిషానికి మరిచిపోవలసిన పని అనుకుంది.

ఫిర్యాదు ఒక విమానం మీద. బొబ్బిలిలో జరిగిన పెళ్ళికి మగపెళ్ళివారి తరఫున ఖరగ్‌పూర్ నుంచి ముప్పై మంది దాకా తరలివెళ్ళారు. అందరూ రైల్వే కుటుంబాలవారే. పాసులు అందరి జేబుల్లోనూ ఉన్నాయి. బెర్తులే ఏ బండిలోనూ లేవు. తిరుగుప్రయాణానికి గత్యంతరం లేక, విశాఖపట్నం నుంచి కలకత్తాకు ఉదయపు విమానం ఎక్కారు. వారిలో ఇందు అత్తమామలు అప్పలనర్సమ్మ, తవిటయ్య కూడా ఉన్నారు. వాళ్ళకది మొదటి విమానం. ఆ రెండు టికెట్లూ ఇందు తన జీతంతో కొన్నవి. ఆరూ నలభైకి కదలవలసిన విమానం ఎనిమిదీ నలభై మూడుకు కదిలింది. ఆలస్యం రెండు గంటలు దాటితే ఫలహారమో, ఫలహారానికి కూపనో ఇస్తామని ఆ సంస్థ తన షరతుల్లో తానే రాసుకుంది. ఇచ్చింది మాత్రం తలా ఒక గ్లాసు నీళ్ళు.

ఆ మూడు నిమిషాల సంగతి అంత కచ్చితంగా ఎలా తెలిసిందంటే, విమానంలో తవిటయ్య ఉన్నారు గనుక. ఆయన ముప్పై నాలుగేళ్ళు రైలు గార్డుగా పనిచేశారు. బండి ముందు కూర్చునేవాడు దారి చూస్తాడు. బండి వెనుక కూర్చునేవాడు కాలం చూస్తాడు. ప్రతి ప్రయాణానికీ పుస్తకంలో కొన్ని పేజీలు, ప్రతి ఆగుదలకూ ఒక గీత, పోయిన ప్రతి నిమిషానికీ ఒక బాధ్యుడు. సిగ్నలు వల్ల మూడు, ఇంజను వల్ల ఐదు, గేటు దగ్గర అడ్డుపడ్డ గేదె వల్ల రెండు. ఇలా పంచి, కూడి, కింద సంతకం చేసేవరకూ ఆయనకు అన్నం సయించేది కాదు. ఉద్యోగం ముగిసినా పుస్తకం ముగియలేదు. పాలవాడి సైకిలూ, పురోహితుడి రాకా, మునిసిపాలిటీ నీళ్ళూ అన్నీ అందులోకి ఎక్కేవి. కాపురానికి వచ్చిన కొత్తలో ఇందుకు అది చూస్తే నవ్వు వచ్చేది. ఆ పుస్తకంలో ఎవరి మీదా కోపం లేదనీ, ఎవరికీ మినహాయింపు లేదనీ గమనించాక ఆ నవ్వు మెల్లగా గౌరవమైంది.

"మావయ్యా, ఆలస్యానికి కారణం అడుగుతున్నాడు. ఒకటి ఎంచుకోవాలట."

"ఒకటేటమ్మా? అయిదున్నాయి. దేనికెన్ని నిమిసాలో రాయడానికి గడి నేదేటి?"

"లేదు."

"గడి నేకండా ఇమానాలు ఎలా నడుపుతన్నార్రా బాబూ!"

వంటింట్లోంచి అప్పలనర్సమ్మ గొంతు వినిపించింది. "ఆ పుస్తకం సదివీసరికి ఇడ్లీ కాదు, మజ్జానం బోయినం కూడా అయిపోద్ది. బేగి కానీయమ్మా ఇందూ."

పుస్తకంలో ఆ విమానం పదకొండు పేజీలు ఆక్రమించింది. పత్రం మాత్రం రెండే ఫోటోలు తీసుకుంటానంది. ఇందు రెండు పేజీలు ఎంచుకుంది. ఒకటి, ఎర్రసిరాతో 'మొత్తం: రెండు గంటల మూడు నిమిషాలు' అని రాసి, కింద సంతకం పెట్టిన ఆఖరి పేజీ. రెండోది జాయింటు మెమో. రైలు ఎక్కడైనా చిక్కుకుపోతే, తరువాత ఒకరిమీద ఒకరు నెపం వేసుకోకుండా అక్కడికక్కడే జరిగింది రాసి, ఇరుపక్షాలవారూ సంతకం చేసే కాగితాన్ని రైల్వేలో అలా పిలుస్తారు. తవిటయ్య విమానంలోనూ ఒకటి రాశారు. విమానం తరఫున ఎవరూ సంతకం చేయలేదు గానీ ప్రయాణికులు నలభై ఒక్కమంది చేశారు, పేర్లతో, ఫోను నంబర్లతో సహా. నిండుగా ఉన్న ఆ పేజీ చూడగానే ఇందుకు ధైర్యం వచ్చింది. పంపించేసింది.

నాలుగు నిమిషాల్లో జవాబు వచ్చింది.

"ఏటన్నాడమ్మా?"

ఇందు గొంతు తగ్గించి చదివింది. కలిగిన అసౌకర్యానికి విచారిస్తున్నాం. మా రికార్డుల ప్రకారం ఆలస్యం ఒక గంట యాభై రెండు నిమిషాలు మాత్రమే. మీరు పంపిన సమయం సరైనది కాదు.

తవిటయ్య కోప్పడలేదు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. ఇడ్లీ పళ్ళెం ముందునుంచి లేచి, చెప్పులు వేసుకుని, ఎండలో స్టేషను దాకా నడిచి, అక్కడి గడియారంతో తన చేతిగడియారం పోల్చి చూసుకుని తిరిగి వచ్చారు.

"గడియారం సరిగ్గానే ఉందమ్మా," అన్నారు. "ముప్పై నాలుగేళ్ళలో కంట్రోలాఫీసు నా పుస్తకంలో ఒక్క నిమిసం కొట్టీనేదు. నాకు కూపన్లొద్దు, ఏటీ వొద్దు. తప్పు రాసినానన్నాడు సూడు, ఆ మాట యెనక్కి తీసుకోవాల. అంతవరకూ నాను ఇంక రాయను."

జేబులోని ఎర్ర పెన్ను తీసి ఇందు పరీక్ష కాగితాల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయారు. ఆ రోజు పాలవాడు గంటన్నర ఆలస్యంగా వచ్చాడు; ఎక్కడా నమోదు కాలేదు. ఇందు ఆ పెన్నును చేతిలోకి తీసుకుంది. టికెట్లు కొన్నది తాను, ఫిర్యాదు పంపింది తాను. ఆయన చేతినుంచి ఆ పెన్ను జారిపోయిందంటే అందులో తన చెయ్యీ ఉంది. దాన్ని మళ్ళీ ఆయన జేబులోకి చేర్చే బాధ్యత తనదే అనుకుంది.

పక్కింటి ఉమాశంకర్ రైల్వే ఆఫీసులో పరిహారాల విభాగంలో పనిచేసి విరమించినవాడు. ముప్పై ఏళ్ళలో ఆయన బల్ల దాటి ఒక్క పైసా పరిహారం బయటికి పోలేదని చెప్పుకునేవారు. చెప్పుకునేవారిలో ఆయనే ముందుండేవాడు. కాదనడం అంత బాగా తెలిసినవాడికి, ఇంకొకడు కాదంటే ఎలా కాదనాలో కూడా తెలిసి ఉంటుందని ఇందు లెక్క వేసింది.

"ఆళ్ళు ఏయే తలుపులు మూస్తారో నాకు తెల్దేటమ్మా? ఆ తలుపులన్నీ నాను మూసినవే," అని ఉమాశంకర్ ఉత్సాహంగా కాగితాలు ముందేసుకున్నాడు. మూడు పేజీల అర్జీ తయారైంది. అందులో 'ఇందుమూలంగా' పదకొండుసార్లు వచ్చింది. చివర 'జతపరిచిన జాబితాలోని నలభై ఒక్కమంది ప్రయాణికుల తరఫున, వారి ప్రతినిధి' అని ముగించాడు. ఆ వాక్యం లేకపోతే అర్జీకి బరువు ఉండదట.

తవిటయ్య ఒకే ప్రశ్న అడిగారు. "నా పుస్తకం నిజమని ఒప్పుకోవాలన్న మాటుందా?"

"మూడో పేజీలో ఉందన్నా."

ఆయన సంతకం చేశారు.

సంస్థలో ఆ అర్జీని మనిషి చదివాడో, యంత్రం చదివిందో గానీ, సోమవారం మధ్యాహ్నానికల్లా నలభై ఒక్క ఫోన్లూ ఒకేసారి మోగాయి. మీ పరిహారపు కోరిక నమోదైంది. మీ ప్రతినిధి తవిటయ్య, పూరీ గేట్, ఖరగ్‌పూర్. వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు మా అధికారి వారి ఇంటికి వచ్చి విచారిస్తారు. ఇంతకుమించి అందులో ఒక్క ముక్క లేదు. ఆ లేని ముక్కలను ఊరు పూరించుకుంది. సోమవారం సాయంత్రం ఖరిదా బజారులో అది కూపను. మంగళవారం ఆ కూపను విలువ ఐదువందలు. బుధవారం ఇందా అనే పేటలోని ఆటోస్టాండులో ఐదువేలు. గురువారానికి మనిషికి పదివేలు. శుక్రవారం ఒక పెద్దమనిషి వచ్చి, చంటిపిల్లలకు సగమిస్తారా, పూర్తిగా ఇస్తారా అని అడిగి వెళ్ళాడు.

అరకు చూసి అదే విమానంలో తిరిగివచ్చిన ఘోష్‌బాబు ఇందా నుంచి రోజూ ఫోను చేసేవాడు. "దాదా, టాకా కొబే దేబే?" డబ్బు ఎప్పుడిస్తారన్నదే ఆయన మొదటి మాట, చివరి మాట.

"డబ్బు సంగతి నాకు తెల్దు దాదా. పుస్తకం సంగతి అడుగు," అనేవారు తవిటయ్య.

ఆ జవాబు వీధిలోకి చేరేసరికి దాని రూపు మారింది. పుస్తకంలో పేరున్నవాళ్ళకే డబ్బట! అప్పటినుంచి విమానం ఎక్కనివాళ్ళు కూడా తమ పేరు ఎక్కించుకోవడానికి గుమ్మం ముందు వరస కట్టారు. "రాయడం మానీసినాను బాబూ," అని తవిటయ్య ఉన్నమాట చెప్పారు. వాళ్ళు దాన్ని బెట్టు అనుకున్నారు. మరునాటి నుంచి సందేశు మిఠాయి పొట్లాలు, గుమ్మడికాయలు, ఒకసారి సజీవమైన కొర్రమీను కూడా వచ్చాయి. అప్పలనర్సమ్మ అన్నింటినీ గుమ్మంలోంచే తిప్పి పంపింది. కొర్రమీనును తిప్పి పంపేటప్పుడు మాత్రం ఒక్క క్షణం తటపటాయించింది.

శనివారం ఎస్తేరమ్మ వచ్చింది. వర్క్‌షాపులో పనిచేసి చనిపోయిన ఫిట్టరు భార్య. నోటికి భయం తెలియని మనిషి.

"నాను ఇమానం ఎక్కనేదు. పలాసనుంచి రైల్లో వొచ్చినాను. నాలుగ్గంటలు లేటు. మీ రెండు గంటలకి అంతిస్తే, నాకు రెట్టింపు రావాల గదా?"

"అది రైలు, ఎస్తేరమ్మా."

"అయితే మరీ మంచిది. నువ్వు రైలోడివే గదా. నువ్వే ఇచ్చీ."

ఆమె వెళ్ళాక కూడా చాలాసేపు దానికి సరైన జవాబు కోసం తవిటయ్య వెతుకుతూనే ఉన్నట్టు ఇందుకు అనిపించింది.

ఆదివారం తొమ్మిది గంటలకు వాకిట్లో ఎనభై మంది ఉన్నారు. కుర్చీలు చాలక గోడమీద కొందరు, గోడకు చేరబడి కొందరు. ఉమాశంకర్ కోటు వేసుకుని వచ్చి, విచారణకు సిద్ధం కావాలంటూ పుస్తకం అడిగి తీసుకున్నాడు. ఆ వారంలో ఆ పదకొండు పేజీలనూ వరసగా చదివిన మొదటి మనిషి ఆయనే. ఎనిమిది పేజీలు తల ఊపుతూ చదివాడు. తొమ్మిదో పేజీ దగ్గర తల ఆగిపోయింది.

"ఇందమ్మా, ఇలా రా. ఇది నాకు కనబడతన్నట్టే నీకూ కనబడతందా?"

ఇందు వంగి చదివింది. గుండ్రటి అక్షరాలు, కొట్టివేతలు లేవు.

'8.30 నుండి 8.41 వరకు. జాయింటు మెమో నిమిత్తం నేను నడవలో నిలబడితిని. కూర్చోమని సిబ్బంది ఆరుసార్లు, భార్య తొమ్మిదిసార్లు చెప్పిరి. కూర్చోలేదు. నేను కూర్చొనువరకు విమానము కదలలేదు. పదకొండు నిమిషములు. బాధ్యుడు: తవిటయ్య, ప్రయాణికుడు.'

ఉమాశంకర్ కోటు గుండీ విప్పుకున్నాడు. "అన్నా! పదకొండు నిమిసాలు నీ నెత్తిమీద నువ్వే రాసీసుకున్నావేటి?"

"ఇంకెవుడి నెత్తిమీద రాయమంటావు? నిలబడినోణ్ణి నానే గదా."

"రెండు గంటల మూడు నిమిసాల్లోంచి పదకొండు తీస్తే..."

"గంటా యాభై రెండు."

"ఆళ్ళన్నదీ అదే గదన్నా!"

"ఆళ్ళు ఆళ్ళ వాటా సెప్పినారు. నాను మొత్తం సెప్పినాను. మొత్తం తప్పన్నారు. మొత్తం తప్పు కాదు."

"ఇది ముందే సెప్పొచ్చు గదా!"

"ఎవుడడిగినాడు? కారణాలు అయిదని ఇందమ్మకి ఆ రోజే సెప్పినాను. గడి నేదంది."

అప్పలనర్సమ్మ గుమ్మంలోకి వచ్చింది. "నన్నడిగినా సెప్పీదాన్ని. కూకో, కూకో అని సొక్కా పట్టుకు లాగినాను. గుండీ ఊడొచ్చింది గానీ మనిసి కూకోనేదు. ఇమానం యావత్తూ మమ్మల్నే సూస్తంది. సిగ్గుతో సచ్చిపోయినాననుకో."

ఉమాశంకర్ ముప్పై ఏళ్ళ అనుభవాన్ని కూడగట్టుకున్నాడు. గొంతు తగ్గించి, "సరే. ఆకరి పేజీ ఒక్కటే తెరిచి ఉంచుదాం. మిగతావి అడిగితేనే సూపిద్దాం. అడగరు. అంతంత సదివీ ఓపిక ఆఫీసరులకి ఉండదు. నానెప్పుడూ సదవనేదు," అన్నాడు. ఇందు తవిటయ్య ముఖం చూసింది. అక్కడ ఏమీ కనబడలేదు; అందుకే ఆమెకు భయం వేసింది.

పదికి అధికారి వచ్చింది. పేరు జెనీ, పాతికేళ్ళ పిల్ల, కలకత్తాలో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. తెలుగులో రాసిన పుస్తకాన్ని చదవగలిగినవారు ఆఫీసులో ఇంకెవరూ లేక ఆమెను పంపారట. వాకిట్లో జనాన్ని చూసి ఒక్క అడుగు వెనక్కి వేసింది గానీ, వెంటనే సర్దుకుని కుర్చీలో కూర్చుంది.

"నమస్తే అంకుల్. నేను దాచకుండా చెప్పేస్తాను. హెడ్డాఫీసు ఒక్కటే మాట చెప్పింది. పుస్తకంలో రెండు గంటలు దాటినట్టుంటే అందరికీ కూపన్లు ఇచ్చేసి రా, ఇంక గొడవ వద్దు అని. ఠీక్ హై?"

ఉమాశంకర్ ఆఖరి పేజీని ఆమె ముందుంచాడు, రెండు చేతులతో, పూజారి హారతిపళ్ళెం పట్టినట్టు. జెనీ ఎర్రసిరా అంకెలు చూసింది. "రెండు గంటల మూడు నిమిషాలు. బస్, అయిపోయింది. మా రికార్డు సరిచేస్తాం. మీ సమయమే సరైనదని రాసి సంతకం కూడా పెట్టేస్తాను అంకుల్."

వాకిట్లో చప్పట్లు మోగాయి. ఘోష్‌బాబు పక్కవాడిని కౌగిలించుకున్నాడు. ఇందు ఊపిరి తేలికపడింది. ఆయన కోరిన మాట, ఇడ్లీ పళ్ళెం వదిలి లేచి అడిగిన మాట, వారం రోజులు ఎర్ర పెన్ను ముట్టకుండా ఎదురుచూసిన మాట, ఇదిగో, ఇంకో అర నిమిషంలో కాగితం మీదికి రాబోతోంది. జెనీ పెన్ను మూత తీసింది.

"ఆగమ్మా," అన్నారు తవిటయ్య. "సంతకం సేసేముందు మొత్తం సదవాల. తొమ్మిదో పేజీ సూడు."

ఉమాశంకర్‌కు పెద్ద దగ్గు వచ్చింది. ఎవరూ పట్టించుకోలేదు. జెనీ పేజీలు వెనక్కి తిప్పి, పైకే చదవడం మొదలుపెట్టింది. 'భార్య తొమ్మిదిసార్లు' దగ్గర ఆమెకు నవ్వు వచ్చింది. 'బాధ్యుడు' దగ్గరకు వచ్చేసరికి ఆ నవ్వు పోయింది. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఆయన వంక చూసింది.

"అంకుల్, మీరు చూపించకపోతే ఇది నాకు తెలిసేదే కాదు."

"నీకు తెల్దు గనకే సూపించినాను. తెలిసుంటే నువ్వే అడుగుదువు."

ఆమె తన ఫోనులో ఏదో వెతికింది. "మా దాంట్లో పదకొండు నిమిషాలు తీసేసినట్టుంది. ఎందుకో రాయలేదు, ఎవరో రాయలేదు. ఊరికే తీసేశారు. అంటే మా లెక్క..."

"మీ వాటా వొరకూ మీ లెక్క తప్పు కాదమ్మా."

"మీ మొత్తమూ తప్పు కాదు. తప్పన్న మా మాటే తప్పు." ఆమె జాయింటు మెమో పేజీ తీసి, ఖాళీగా ఉండిపోయిన రెండో పక్షం వారి చోట నిదానంగా రాసింది. ఈ పుస్తకంలోని ప్రతి నిమిషమూ సరైనదని సంస్థ తరఫున ధ్రువీకరిస్తున్నాను. కింద సంతకం, తేదీ, సంచిలోంచి తీసిన ముద్ర. తరువాత ఇబ్బందిగా కదిలి, "కానీ కూపన్లు ఇవ్వలేను అంకుల్. మా వాటా రెండు గంటలు దాటలేదు కదా," అంది.

వాకిలి ఒక్కసారిగా గొల్లుమంది.

"ఏటీ! గార్డుబాబు వొల్ల పోయిందా డబ్బు?"

"నిలబడమని ఎవుడు సెప్పినాడు?"

"సంతకం సేసినోళ్ళం మనమే గదరా!"

"దాదా, ఎ కీ కొర్లేన్!" ఘోష్‌బాబు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. ఎంత పని చేశారన్న ఆ మాటకు అనువాదం ఎవరికీ అవసరం లేకపోయింది.

తవిటయ్య అరుగు మీదికి ఎక్కారు. బండి చివర నిలబడి జెండా ఊపినప్పటి నిటారుతనం ఆ నడుముకు తిరిగివచ్చిందని ఇందుకు తోచింది. ఆయన గొంతు పెంచలేదు. అలవాటైన గొంతు కనుక ఆఖరి వరస దాకా వినిపించింది.

"రెండు గంటలు దాటితే ఫలారం పెట్టాల. అది షరతు. దాటించినోడెవుడో పుస్తకంలో ఉంది. దాటించినోడే పెడతాడు. ఎవుడూ ఎల్లిపోకండి. కూకోండి."

లోపల అప్పలనర్సమ్మ అప్పటికే కొంగు బిగించింది.

"ఎంతమందికి?"

"మెమోలో నలభై ఒక్కమంది."

"బయట ఎనభైమందున్నారు."

"మెమోలో నేనోళ్ళకి షరతు వర్తించదు నర్సమ్మా."

"నీ షరతు గుమ్మం అవతల పెట్టుకో. గుమ్మం ఇవతల నా షరతు. కూకున్నోళ్ళందరికీ పెడతాను."

ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో కంట్రోలాఫీసు చేయలేకపోయిన సవరణను ఆవిడ అర నిమిషంలో చేసింది. ఖరిదా నుంచి రవ్వ సంచి ఆటోలో వచ్చింది. పెళ్ళిళ్ళ గంగాళం ఎక్కడినుంచో దొర్లుకుంటూ వచ్చింది. ఉమాశంకర్ కోటు విప్పకుండానే ఉల్లిపాయలు తరిగాడు; కళ్ళనీళ్ళు ఉల్లిపాయలవో, ఓడిపోయిన అర్జీవో ఆయన చెప్పలేదు. కాసేపటి క్రితం అరిచినవాళ్ళే ఆకులు కడిగారు. జెనీ కొంగు లేక చున్నీనే నడుముకు చుట్టి నీళ్ళు పోసింది. ఘోష్‌బాబు మొదటి ముద్ద అనుమానంగా, రెండోది ఆలోచిస్తూ, మూడోది కళ్ళు మూసుకుని తిని, తన భార్యకు ఈ ఉప్మా చేయడం నేర్పాలని అప్పలనర్సమ్మను బతిమాలాడు. ఎస్తేరమ్మ మొదటి వరసలో కూర్చుని రెండుసార్లు పెట్టించుకుంది.

"ఇది నాలుగ్గంటలకేటి, ఎస్తేరమ్మా?" అని ఎవరో అడిగారు.

"రెండు గంటలకిది. మిగతా రెండు గంటలకీ సాయంత్రం వొస్తాను," అంది ఆమె.

ఇందు ఆ సందడిలోంచి మావగారి దగ్గరకు నడిచింది. ఆయన అరుగు చివర, ముద్ర పడిన పేజీని గాలికి ఆరనిస్తూ కూర్చున్నారు. ఎర్ర పెన్ను ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని ఒకసారి విదిలించి, గడియారం చూసి, కొత్త పేజీలో ఫలహారం మొదలైన వేళ రాసుకున్నారు. తరువాత తల ఎత్తి, "నీకింకా పెట్టనేదేటమ్మా?" అని, తన ఆకు ఆమె వైపు జరిపారు.

మధ్యాహ్నం జెనీని కలకత్తా లోకలు రైలు ఎక్కించడానికి తవిటయ్య స్వయంగా స్టేషనుకు వెళ్ళారు. తిరిగి వచ్చేసరికి గంగాళం తోముతున్నవాళ్ళంతా చుట్టూ చేరారు. ఆయన మూడూ పదికి కదలవలసిన లోకలు సరిగ్గా మూడూ పదికే కదిలిందని చెప్పి, పుస్తకంలో రాసి, సంతకం చేశారు.

ఒక విమాన సంస్థ ముద్ర వేసి మరీ ఒప్పుకున్న ఆ పుస్తకంలో, పూరీ గేట్‌లో ఇప్పటికీ ఎవరూ నమ్మని మాట అదొక్కటే.